ఉచిత ఆన్‌లైన్ పాఠాలు, పాడ్‌కాస్ట్‌లు: పిల్లలు చూస్తున్నారు సరే, నేర్చుకుంటున్నారా?

పెందుర్తి_సైన్స్_మాస్టారు | ఆదివారం, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. పెందుర్తి దగ్గర హైస్కూల్లో పద్దెనిమిదేళ్లుగా భౌతికశాస్త్రం చెబుతున్నాను. కిందటేడు పూర్వ విద్యార్థులు చందాలేసుకుని బడికి ప్రొజెక్టర్ కొనిచ్చారు. అప్పట్నుంచి 10వ తరగతి ‘ఏ’ సెక్షన్‌కి వారానికి రెండు పీరియడ్లు ఆన్‌లైన్ పాఠాలు వేస్తున్నాను. ఖాన్ అకాడమీవి కొన్ని, దీక్షా యాప్‌లోవి కొన్ని, యూట్యూబ్‌లో మన తెలుగు మాస్టార్లు చెప్పినవి కొన్ని. ముందురోజు రాత్రి కూర్చుని అన్నీ చూసి, బాగున్నదే తీసుకెళ్తాను.

పిల్లలు కిక్కురుమనకుండా చూస్తారు. గంట కొట్టాక ‘ఇంకొకటి వెయ్యండి సార్’ అంటారు. మర్నాడు అదే పాఠంలోంచి ప్రశ్న అడిగితే ఒక్కడికీ నోరు పెగలదు. మొన్న ఎఫ్‌ఏ పరీక్షలో కాంతి వక్రీభవనం మీద వచ్చిన మార్కులు చూశాను. వీడియో వేసిన సెక్షన్‌కీ, నేను సుద్దముక్కతో చెప్పిన సెక్షన్‌కీ తేడా లేదు. నిజం చెప్పాలంటే బి సెక్షనే ఒక మార్కు పైన ఉంది.

ప్రపంచంలో గొప్ప గొప్ప వాళ్లు చెప్పిన పాఠాలు ఉచితంగా దొరుకుతున్నాయి. వాటిని వదులుకోవాలని నాకు లేదు. ఎక్కడ పొరపాటు చేస్తున్నానో అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

వాల్తేరు_లెక్చరర్ | ఆదివారం, రాత్రి 10:05

మాస్టారూ, ఒక్క సంగతి చెప్పండి. వీడియో నడుస్తుండగా మీరు ఎన్నిసార్లు ఆపుతారు?

పెందుర్తి_సైన్స్_మాస్టారు | ఆదివారం, రాత్రి 10:12

ఆపనమ్మా. మధ్యలో ఆపితే ధ్యాస చెదిరిపోతుందని మొదట్నుంచి చివరిదాకా వేస్తాను. ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు ఉంటుంది.

వాల్తేరు_లెక్చరర్ | ఆదివారం, రాత్రి 10:50

చిక్కంతా అక్కడే ఉందనుకుంటాను. డిగ్రీ పిల్లలకి ఫిజిక్స్ చెబుతాను. నేనూ రెండేళ్లు ఇలాగే చేసి, తర్వాత మార్చుకున్నాను.

2014లో ఎడెక్స్ అనే ఆన్‌లైన్ వేదికలోని కోర్సుల మీద ఒక పరిశోధన వచ్చింది. ఫిలిప్ గువో, ఆయన సహచరులు దాదాపు 69 లక్షల వీడియో సెషన్లను పరిశీలించారు. వీడియో ఎంత పొడవున్నా జనం మనసుపెట్టి చూసే సమయం మధ్యస్థంగా ఆరు నిమిషాలు దాటలేదు. వాళ్లు ఇష్టంతో చేరినవాళ్లు, పైగా ఎక్కువమంది పెద్దవాళ్లు. మన పదిహేనేళ్ల పిల్లలు మధ్యాహ్నం భోజనం చేసి, ఫ్యాన్ కింద, చీకటి గదిలో ఇరవై అయిదు నిమిషాలు కూర్చుంటే కళ్లు తెర మీదే ఉంటాయి. మనసు ఎక్కడుందో మనకి తెలియదు.

నేను ఎలా చేస్తానో చెబుతాను. విద్యుత్తు పాఠమే తీసుకోండి. 60 వాట్ల బల్బు, 100 వాట్ల బల్బు శ్రేణిలో, అంటే ఒకదాని తర్వాత ఒకటిగా, కలిపి 230 వోల్టులకి పెడతారు. ఏది ఎక్కువ వెలుగుతుంది? ఆ ప్రయోగం చూపే వీడియోలు బోలెడున్నాయి. మెయిన్స్ కరెంటుతో పిల్లల ముందు చెయ్యాలంటే నాకు భయం కాబట్టి ఇలాంటిచోట వీడియో వరమే. స్విచ్ మీద చెయ్యి పడే క్షణంలో ఆపేస్తాను. ‘నోటుబుక్కులో రాయండి. 60 అయితే 60, 100 అయితే 100. ఎందుకో ఒక్క వాక్యం.’ అందరూ రాసేదాకా ఊరుకుంటాను. తర్వాత పక్కవాళ్లతో వాదించుకోమంటాను. క్లాసు చేపల మార్కెట్ అవుతుంది, అవ్వనివ్వాలి. అప్పుడు మళ్లీ చేతులెత్తమని, ఆ తర్వాతే వీడియో నడిపిస్తాను.

60 వాట్లదే ఎక్కువ వెలుగుతుంది. వంద అని రాసినవాళ్లు తెర వైపు చూసే చూపు మీరు చూడాలి. ఆ నిమిషంలో లెక్క వేయిస్తాను. నిరోధం అంటే వోల్టేజి వర్గాన్ని వాట్లతో భాగించాలి. 60 వాట్ల దానికి సుమారు 882 ఓమ్‌లు, వంద వాట్ల దానికి 529. శ్రేణిలో కరెంటు ఒకటే కాబట్టి నిరోధం ఎక్కువున్న చోటే ఎక్కువ శక్తి ఖర్చవుతుంది. ముందు తప్పు రాసినవాడు ఈ లెక్క మరిచిపోడు.

ఊహించి రాయడం, పక్కవాడితో వాదించడం, మళ్లీ ఓటు వెయ్యడం నేను కనిపెట్టినవి కావు. హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ 1990ల నుంచి తన క్లాసులో చేస్తూ వచ్చిన పద్ధతి. వీడియోకి తగిలించుకోవడమే నేను చేసింది.

గాజువాక_షిఫ్ట్ | సోమవారం, ఉదయం 6:40

సి షిఫ్ట్ దిగి బస్సులో కూర్చుని చదువుతున్నా ఇదంతా. మాస్టారూ, మీ పిల్లలకున్న బాధే నాదీను. ప్లాంట్‌లో టెక్నీషియన్ని, డిప్లొమా వరకే చదివాను. ముప్పై ఏడేళ్లకి డేటా పని నేర్చుకుందామని లీనియర్ ఆల్జీబ్రా మొదలెట్టాను. అమెరికాలోని ఎంఐటీ వాళ్లు తమ క్లాసుల్ని ఉచితంగా పెట్టే ఓపెన్ కోర్స్‌వేర్‌లో గిల్బర్ట్ స్ట్రాంగ్ గారి పాఠాలు. ఆయన 2023 మే నెలలో చివరి క్లాసు చెప్పి సెలవు తీసుకున్నారు, అదీ ఆన్‌లైన్లోనే చూశాను. గాజువాకలో కూర్చున్న నాకు ఆ పెద్దాయన గురువు అంటే ఇంట్లోవాళ్లు వింతగా చూస్తారు, కానీ గురువే.

మొదట్లో పది పాఠాలు బస్సులో చూసేశాను. అన్నీ అర్థమైనట్టే ఉండేది. పదకొండోది రానేరాలేదు. వెనక్కి వెళ్తే మూడోది కూడా రాలేదు. అప్పుడు తెలిసింది నాకు లెక్కలు బస్సులో ఎక్కవని. ఇప్పుడు ఆదివారం బల్ల ముందు కూర్చుని, ఆయన బోర్డు మీద రాయకముందే నేను కాయితం మీద రాయడానికి చూస్తాను. ఒక పాఠానికి రెండున్నర గంటలు పడతాది. పడనీ.

బస్సులో మాత్రం పాడ్‌కాస్ట్‌లు వింటా. ఇంగ్లీషు కోసం బీబీసీ వాళ్ల ఆరు నిమిషాల ఇంగ్లీషు కార్యక్రమం. గాజువాక నుంచి మద్దిలపాలెం వెళ్లేలోపు నాలుగు అయిపోతాయి.

ఎంవీపీ_అమ్మ | సోమవారం, ఉదయం 11:15

తల్లిదండ్రుల మాట కూడా ఒకటి వినండి. మా అబ్బాయి ఎనిమిదో తరగతి. ‘పాఠం చూస్తున్నానమ్మా’ అంటాడు. నిజంగానే పాఠం మొదలెడతాడు. పది నిమిషాలకి వెళ్లి చూస్తే పాఠం పైన ఉంటుంది, వేలు మాత్రం కిందికి జరుగుతూ వేరే చిన్న చిన్న వీడియోల్లోకి వెళ్లిపోయి ఉంటుంది. వాణ్ణి తిట్టి ఏం లాభం? పెద్దవాళ్లమే ఆగలేకపోతున్నాం. ఉచితం అంటున్నారుగానీ పిల్లల ధ్యాస రూపంలో మనం కడుతూనే ఉన్నాం.

సీతమ్మధార_తాతయ్య | సోమవారం, మధ్యాహ్నం 3:30

అమ్మా, దీనికి పాతకాలపు మందు ఒకటుంది. ముందే దింపుకుని, ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి ఇవ్వండి. దీక్షా యాప్‌లో పాఠాలు దింపుకుని నెట్ లేకుండా చూడొచ్చు. మా మనవరాలికి అలాగే ఇస్తున్నాం. లేదా హాల్లో టీవీకి పెట్టండి. స్వయం ప్రభ చానళ్లు డీడీ ఫ్రీ డిష్‌లో ఉచితంగానే వస్తాయి. టీవీలో వేలు పెట్టి జరపడానికి ఏమీ ఉండదు.

ఇది కొత్తగా వచ్చిన సమస్య కాదని చెప్పడానికి ఇంకొంచెం రాస్తాను, ఓపికుంటే చదవండి. 1975 ఆగస్టు 1న సైట్ అనే ప్రయోగం మొదలైంది. అమెరికా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాదిపాటు అడిగి తీసుకుని, ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకి టీవీలో పాఠాలు చూపించారు. 1984 ఆగస్టు 15 నుంచి యూజీసీ వాళ్లు దూరదర్శన్‌లో కాలేజీ పాఠాలు వేశారు. ఆ తర్వాత మన విశాఖలోనే చదువుల కోసం జ్ఞానవాణి ఎఫ్‌ఎం రేడియో వచ్చింది. ప్రతిసారీ ‘ఇక పంతులు అక్కర్లేదు’ అనేవాళ్లు కొందరు బయల్దేరారు. పంతులు అవసరం ఎప్పటికీ తీరలేదు.

నేను బడిలో ఉండగా రేడియో పాఠం వచ్చేరోజు మా తెలుగు మాస్టారు ముందే బోర్డు మీద మూడు ప్రశ్నలు రాసేవారు. ‘వీటి జవాబులు రేడియో ఆయన దగ్గర దొంగిలించండర్రా’ అనేవారు. అంతే. మేమంతా చెవులు రిక్కించి కూర్చునేవాళ్లం. అరవై ఏళ్లయింది, ఆ ప్రశ్నల్లో ఒకటి ఇప్పటికీ గుర్తుంది.

విని_చదువుకుంటా | సోమవారం, రాత్రి 8:45

తాతయ్యగారూ, మీ మాస్టారి మాట చాలా నచ్చింది.

నాకు చూపు లేదు. మద్దిలపాలెంలో గది తీసుకుని చరిత్రలో ఎం.ఏ. చదువుతున్నాను. ఫోన్‌లో టాక్‌బ్యాక్, ల్యాప్‌టాప్‌లో ఎన్‌వీడీఏ తెర మీదున్నది చదివి వినిపిస్తాయి. రెండూ ఉచితమే. నా చదువులో సగం పాడ్‌కాస్ట్‌ల మీదే నడుస్తోంది. బీబీసీ రేడియో 4లో 1998 నుంచి ‘ఇన్ అవర్ టైమ్’ అని ఒక కార్యక్రమం వస్తోంది. ఒక విషయం తీసుకుని ముగ్గురు ప్రొఫెసర్లు ముప్పావు గంటకి అటూఇటూగా మాట్లాడుకుంటారు. వెయ్యికి పైగా భాగాలున్నాయి. ఒక భాగం విని, ఆపేసి, ముగ్గురిలో ఎవరు ఎవరితో ఎక్కడ విభేదించారో నా గొంతుతో రికార్డు చేసుకుంటాను. పరీక్ష ముందు నా రికార్డులే వింటాను, అసలు కార్యక్రమం జోలికి వెళ్లను.

ఇక్కడున్న పంతుళ్లందరికీ ఒక విన్నపం. వీడియో పాఠాల్లో నన్ను బయటికి తోసేసే మాట ఒకటుంది: ‘ఇదిగో, ఇది ఇక్కడికొస్తే అది అటు పోతుంది.’ ఏది? ఎక్కడికి? రేడియో మనిషి అలా అనడు, అంటే పని జరగదు కాబట్టి. ‘పతన కిరణం గాజు పలకని తాకి లంబం వైపు వంగింది’ అంటే నాకూ బొమ్మ కనిపిస్తుంది. వెనక బెంచీలో కూర్చుని బోర్డు సరిగా కనబడని పిల్లాడికీ కనిపిస్తుంది.

పెందుర్తి_సైన్స్_మాస్టారు | సోమవారం, రాత్రి 9:30

బాబూ, ఈ మాట నాకెవ్వరూ చెప్పలేదు ఇన్నేళ్లలో. రేపట్నుంచి ‘ఇది, అది’ అనను.

కంచరపాలెం_ట్యూషన్ | మంగళవారం, ఉదయం 7:10

నాదో సందేహం. సాయంత్రాలు ఇంటి దగ్గర ఫీజు తీసుకుని ఇంటర్ పిల్లలకి చెబుతాను. ఎంఐటీ వాళ్ల పాఠాలు దింపి, ముక్కలు చేసి, మా ట్యూషన్ పేరు వేసి పిల్లలకి పంపొచ్చా? ఉచితమే కదా.

వాల్తేరు_లెక్చరర్ | మంగళవారం, ఉదయం 8:00

వద్దండీ. ఉచితంగా చూడొచ్చు అంటే మన పేరు వేసుకోవచ్చని కాదు. ఎంఐటీ ఓపెన్ కోర్స్‌వేర్ పాఠాలకి క్రియేటివ్ కామన్స్ లైసెన్సు ఉంది. అందులో మూడు షరతులు: ఎవరిదో పేరు చెప్పాలి, వ్యాపారానికి వాడకూడదు, మార్చి పంచితే అదే షరతులతో పంచాలి. లింకు పంపి, ఏ నిమిషం నుంచి ఏ నిమిషం వరకు చూడాలో రాస్తే చాలు. ప్రశ్నలు మీరు తయారుచేసుకోండి, అవి మీ సొంతం.

బీటెక్_మూడో_ఏడు | మంగళవారం, రాత్రి 11:40

అక్కా, మాస్టారూ, మా సంగతి కూడా చెప్పాలి. ఐఐటీ ప్రొఫెసర్లు ఆన్‌లైన్లో చెప్పే ఎన్‌పీటెల్ కోర్సుకి మా కాలేజీలో క్రెడిట్లు ఇస్తారు కాబట్టి అందరం చేరతాం. చేరడం ఉచితం, పరీక్ష రాయడానికే ఫీజు, నేను వెయ్యి కట్టాను. ప్రతివారం అసైన్‌మెంట్ జవాబులు ఏదో ఒక గ్రూపులో వచ్చేస్తాయి. నేనూ అవే పెట్టాను. 12 వారాల్లో మంచివి 8 తీసుకుని 25కి లెక్కేస్తారు, నాకు 25కి 25. పరీక్ష 75కి. సర్టిఫికెట్ రావాలంటే అందులో కనీసం 30 రావాలి. నాకు 22 వచ్చింది.

నాన్న పీఎఫ్ డబ్బుల్లోంచి ఇచ్చిన వెయ్యి అది. చాలా బాధపడ్డాను. ఈసారి అదే కోర్సు మళ్లీ తీసుకున్నాను. గ్రూపులోంచి బయటికొచ్చేశాను. కానీ ఇంకో కష్టం ఉంది. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. ప్రొఫెసర్ గారి ఇంగ్లీషు వేగం అందుకోలేకపోతున్నాను. మా ఫ్రెండ్స్ 2ఎక్స్‌లో చూస్తారు, నేను 0.75లో చూస్తాను. వెనకబడిపోతున్నానా?

వాల్తేరు_లెక్చరర్ | బుధవారం, ఉదయం 6:20

తల్లీ, లేదు. 0.75లోనే చూడు. రెట్టింపు వేగంతో చూసినా అర్థం కావడంలో పెద్ద నష్టం లేదని 2021లో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్లు ఒక పరిశోధనలో చూపించారు, నిజమే. కానీ అక్కడి విద్యార్థులు తమకి బాగా అలవాటైన భాషలో విన్నారు. నువ్వు ఒకేసారి భాషనీ విషయాన్నీ మోస్తున్నావు. నీ స్నేహితుల లెక్క నీకు పనికిరాదు.

ఎన్‌పీటెల్ కోర్సులు చాలావాటికి పాఠం రాతప్రతి దొరుకుతుంది. వీడియోకి ముందు దాన్ని ఒకసారి చదువు. తెలియని మాటలకి గీత గియ్యి. ఒక చిన్న నోటుబుక్కులో ఎడమవైపు ఇంగ్లీషు మాట, కుడివైపు మన పాఠ్యపుస్తకంలోని తెలుగు మాట. ఇండక్షన్ అంటే ప్రేరణ, ఫ్లక్స్ అంటే అభివాహం, ఇలా. మీ వీధిలో బడి పిల్లల దగ్గర ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉండే ద్విభాషా పుస్తకం ఉంటే అడిగి తెచ్చుకో. బీటెక్ అమ్మాయివి బడి పుస్తకం చదువుతున్నావేంటి అని ఎవరైనా అంటే అననీ.

ఇంకొకటి. పాఠం రెండోసారి చూడబోయే ముందు మూసేసి, గుర్తున్నదంతా తెల్లకాయితం మీద రాయి. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వశాస్త్రవేత్తలు దీన్ని పరీక్షించారు. ఒక జట్టు పాఠాన్ని నాలుగుసార్లు చదివింది. ఇంకో జట్టు ఒక్కసారి చదివి, మూడుసార్లు గుర్తుతెచ్చుకుని రాసింది. వారం తర్వాత చదివినవాళ్లకి 40 శాతం గుర్తుంది, రాసినవాళ్లకి 61 శాతం. గాజువాక తమ్ముడు బల్ల ముందు కూర్చుని చేస్తున్నదీ ఈ దారే.

గాజువాక_షిఫ్ట్ | బుధవారం, ఉదయం 6:55

మా చిన్నప్పుడు ఎక్కాలు అప్పజెప్పించుకునేవోరు కదండీ, అదే కదా ఇది!

పాడేరు_టీచరమ్మ | గురువారం, సాయంత్రం 5:30

వారానికోసారే సిగ్నల్ ఉన్నచోటికి వస్తాను కాబట్టి ఆలస్యమైంది, క్షమించండి.

మాది పాడేరు పైన ఒక చిన్న బడి. నెలకోసారి విశాఖ వచ్చి, ద్వారకానగర్ పౌర గ్రంథాలయం దగ్గర మా తమ్ముడి గదిలో ఉండి, కావలసిన పాఠాలు దింపుకుని పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్తాను. బడిలో యూఎస్‌బీ పెట్టుకునే టీవీ ఉంది. కొలిబ్రి అని నెట్ లేకుండా నడిచే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఒక పాత కంప్యూటర్లో వేస్తే అందులో పెట్టిన పాఠాలు బడిలోని ఫోన్లన్నిటికీ అందుతాయి. ఆ పని ఈ ఏడు మొదలెట్టాను.

అయితే మా పిల్లలకి తెలుగే రెండో భాష. ఇంట్లో ఆదివాసీ ఒడియా, కొందరికి కువి. మైదానంలో తయారైన తెలుగు పాఠం వాళ్లకి మీ బీటెక్ అమ్మాయికి ఇంగ్లీషు పాఠం ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది. అందుకని నేను దారి తిప్పాను. నేనే ఆరు నిమిషాలు పాఠం వేస్తాను. తర్వాత ఇద్దరిద్దరు పిల్లలు ఫోన్ తీసుకుని చింతచెట్టు కిందికి వెళ్లి, అదే విషయం వాళ్ల భాషలో మూడు నిమిషాలు రికార్డు చేసుకొస్తారు. ఆకులు ఆహారం ఎలా తయారుచేసుకుంటాయో చెబుతూ ఒక పాప కాఫీ తోటలో నీడ చెట్ల సంగతి తెచ్చింది. నేను వేసిన పాఠంలో కాఫీ లేదు, నీడా లేదు. వెలుతురు తక్కువైనా కాఫీ మొక్క ఎలా బతుకుతోందని దాని ప్రశ్న. అది విన్నాక నా మర్నాటి పాఠం మారిపోయింది.

ఆ రికార్డులు ఇప్పుడు నూట పది ఉన్నాయి. కింది తరగతి పిల్లలకి అవే వినిపిస్తున్నాను. అక్క గొంతు, అన్న గొంతు అనేసరికి ఎంత బుద్ధిగా వింటారో! మీరు పాడ్‌కాస్ట్ అంటున్నది ఇదేనేమో.

విని_చదువుకుంటా | గురువారం, రాత్రి 7:50

ఇదే మేడమ్. ముమ్మాటికీ ఇదే. పిల్లల పేర్లు తీసేసి, వాళ్ల ఇంట్లోవాళ్లని అడిగి, ఒప్పుకుంటే నాకు ఒకటి రెండు వినిపిస్తారా? రికార్డుల్లో గాలి శబ్దం తగ్గించడం నాకు బాగా వచ్చు, ఉచితంగా చేసిపెడతాను.

ఎంవీపీ_అమ్మ | శుక్రవారం, ఉదయం 10:30

తాతయ్యగారి మందు పనిచేస్తోంది. టీవీకి మార్చాం. నేను వంట చేస్తూ వింటాను, వాడు చూస్తాడు, భోజనాల దగ్గర నాకు చెప్పాలి. నిన్న నాకు పీడనం పాఠం చెప్పాడు. కుక్కర్ విజిల్ దగ్గర నేనడిగిన ప్రశ్నకి జవాబు తెలియక మళ్లీ వెళ్లి చూసొచ్చాడు.

పెందుర్తి_సైన్స్_మాస్టారు | మూడు వారాల తర్వాత, ఆదివారం, రాత్రి 9:00

అందరికీ మళ్లీ నమస్కారం. చెప్పినవి చేసి చూశాకే రాద్దామని ఆగాను.

బల్బుల పాఠం వేశాను. ‘ఏ’ సెక్షన్‌లో 42 మంది. స్విచ్ దగ్గర ఆపితే 35 మంది వంద వాట్లదే అని రాశారు. వాదన మొదలైంది. ఎప్పుడూ నోరు విప్పని ఒక కుర్రాడు లేచి ‘సార్, సీరియల్ లైట్లు బాగుచేసే మా బాబాయి సన్న తీగే ముందు వేడెక్కుతాదని చెప్తాడు’ అన్నాడు. సన్న తీగకి నిరోధం ఎక్కువ. వాడికి మాట తెలియదుగానీ విషయం తెలుసు. రెండో ఓటుకి పద్దెనిమిది మంది 60 వైపు వచ్చారు. వీడియో నడిపించాక లేచిన అరుపులకి పక్క క్లాసు మేడమ్ వచ్చి తలుపు తట్టారు.

కష్టాలూ ఉన్నాయి, దాచను. ఇదివరకు ఒక పీరియడ్‌లో ఇరవై అయిదు నిమిషాల పాఠం అయిపోయేది. ఇప్పుడు ఏడు నిమిషాల ముక్కకి పీరియడంతా పోతోంది. సిలబస్ వెనకబడింది. ఎక్కడ ఆపాలో తేల్చుకోవడానికి రాత్రిపూట నాకు గంటన్నర పడుతోంది. అందుకని అన్ని పాఠాలకీ చెయ్యడం మానేశాను. పిల్లలు ఏటా తప్పుగా ఊహించే చోట్లు ఏవో పద్దెనిమిదేళ్లలో నాకు తెలుసు కదా, ఆ తొమ్మిదింటికే వీడియో. మిగతావన్నీ పాత పద్ధతిలో, సుద్దముక్కతోనే.

వాల్తేరు మేడమ్, ఆ తొమ్మిది పాఠాలకీ లింకు, ఆపవలసిన నిమిషం, అడగవలసిన ప్రశ్న రాసి పెట్టాను. పాడేరు మేడమ్ విశాఖ వచ్చే ఆదివారం చెబితే గ్రంథాలయం దగ్గర కలుస్తాను, కాయితం మీదా ఇస్తాను.

పాడేరు_టీచరమ్మ | బుధవారం, సాయంత్రం 4:10

వచ్చే నెల రెండో ఆదివారం వస్తున్నాను మాస్టారూ. పదకొండు గంటలకి. నా పెన్‌డ్రైవ్ కూడా తెస్తాను, పిల్లల రికార్డుల్లో విద్యుత్తు మీదవి ఆరున్నాయి. ఇంట్లోవాళ్లు ఒప్పుకున్నారు, మీ పిల్లలకి వినిపించండి. భాష అర్థం కాకపోతే అర్థం చెప్పే కాయితం జతచేశాను.

బీటెక్_మూడో_ఏడు | బుధవారం, రాత్రి 10:20

నేనూ రావచ్చా? ఇంగ్లీషు మాటల నోటుబుక్కు 340 మాటల దాకా వచ్చింది. జూనియర్లు ఇద్దరు అడిగారు, జిరాక్స్ తీయించి తెస్తాను.

పెందుర్తి_సైన్స్_మాస్టారు | బుధవారం, రాత్రి 10:35

తప్పకుండా రా అమ్మా.

రేపు విద్యుదయస్కాంత ప్రేరణ. రాగి గొట్టంలోకి అయస్కాంతం జారవిడిచే వీడియో. మూడో నిమిషం పదో సెకను దగ్గర ఆపుతాను, అప్పటికి ఆయన చేతిలో అయస్కాంతం ఇంకా గొట్టం పైనే ఉంటుంది.